ముత్తయ్య బండ

సూర్యాపేటలో ఆ సభకు నేను వెళ్ళకుండా ఉండాల్సింది. బుద్ధుడి పేరు చెప్పి పిలిస్తే కాదనలేని బలహీనత నాది. నేనుండే కోదాడకు కారు పంపించారు, వెళ్ళగానే శాలువా కప్పారు, ముందు వరుసలో మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టారు. పట్నం నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి మైకు పట్టుకుని, ఈ నేల శాంతికి పుట్టినిల్లు అన్నాడు. ఇక్కడి మట్టి ముద్ద పిండితే కరుణ కారుతుంది అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. ఆ మట్టిలో పుట్టినదాన్ని, దాన్ని పిండితే ఏం కారుతుందో పదేళ్ళ వయసులోనే చూసినదాన్ని. లేచి వెళ్ళిపోదామనుకున్నాను గానీ మోకాళ్ళు సహకరించలేదు.

సభ అయ్యాక పక్క హాల్లోకి తీసుకెళ్ళారు. చుట్టుపక్కల పాటిదిబ్బల్లో, అంటే పాతకాలపు ఊళ్ళు కూలిపోయి మట్టిగుట్టలైన చోట్ల దొరికిన రాళ్ళు వరుసగా పెట్టారు. మూడో రాయి దగ్గర నా కాళ్ళు ఆగిపోయాయి. నాలుగడుగుల తెల్ల బండ. దాని మీద రెండు పాదాలు, ఒక్కో పాదం నడుమ ఒక్కో చక్రం. కుడి బొటనవేలి దగ్గర పెచ్చు లేచిపోయి ఉంది. ఆ పెచ్చు లేకపోయినా గుర్తుపట్టేదాన్ని. కింద అట్టముక్క మీద బుద్ధపాదాలు అని రాసి, ముందు బంతిపూలు చల్లి, అగరొత్తులు వెలిగించారు. వెనకవైపు చూడొచ్చా అని అక్కడున్న అబ్బాయిని అడిగాను. "వెనక ఏం లేదమ్మా, ఉత్త అరిగిపోయిన బండే" అన్నాడు మర్యాదగా. ఆ బండను అరగదీసింది ఎవరో ఆ హాల్లో నాకొక్కదానికే తెలుసు.

మా ఊరు సూర్యాపేట నుంచి తుంగతుర్తి పోయే దారిలో లోపలికి ఉంటుంది. మాది గొర్లు కాసే ఇల్లు. ఇల్లంటే మట్టిగోడలు, పైన రెల్లుగడ్డి, ముందు మోకాళ్ళెత్తు ప్రహరీ. వానాకాలంలో తడిసిన గొంగళ్ళ కంపు, ఎండాకాలంలో పెంటికల దుమ్ము, ఏ కాలంలోనైనా పులిసిన అంబలి వాసన. మా నాయన, చిన్నాయన మందతో పోతే మూడు నాలుగు రోజులకు గాని ఇంటికి వచ్చేవాళ్ళు కారు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. ఇల్లు నడిపింది నాయనమ్మ. పొగాకు కాడ బుగ్గన పెట్టుకుని, మాట్లాడకుండా, కంటితోనే పనులు చెప్పే మనిషి. తెల్లవారకముందే జొన్నపిండి కలిపి అంబలి కాచేది. కాస్త చల్లారాక సొరకాయ బుర్రల్లో పోసి, మూతికి గుడ్డ చుట్టి, బుట్టలో పెట్టి నా నెత్తిన ఎత్తేది. మంద ఎక్కడుంటే అక్కడికి నేను మోసుకుపోవాలి. వాళ్ళు తాగాక ఖాళీ బుర్రలు తిరిగి తెచ్చి, గులకరాళ్ళు వేసి గలగలా కడిగి, ఎండబెట్టాలి. సరిగా ఎండకపోతే బుర్ర లోపల బూజు పట్టి, మర్నాడు అంబలి చేదెక్కుతుంది. అప్పుడు నాయనమ్మ కన్ను కాదు, చెయ్యి మాట్లాడేది.

బుర్రల విషయంలో మా ఇళ్ళల్లో ఒక కట్టు ఉంది. ఒక కాపరికి ఒక బుర్ర. అన్నదమ్ములైనా సరే, ఒకరి బుర్రలో ఇంకొకరు తాగరు. తాగితే మందకు రోగం తగులుతుందని నమ్మకం. పెళ్ళి కాగానే మగవాడికి కొత్త బుర్ర ఇచ్చేవాళ్ళు, చచ్చిపోతే ఆ బుర్ర పగలగొట్టేవాళ్ళు. గొర్లు కాసే ఇంటి గోడ మీద ఎన్ని బుర్రలు ఆరుతున్నాయో చూస్తే, ఆ మంద వెంట ఎంతమంది ఉన్నారో చెప్పొచ్చు. ఈ సంగతి మావాళ్ళకు ఊపిరి పీల్చుకున్నంత మామూలు. కాబట్టే ఎవరికీ గుర్తుండదు.

ఇక బండ సంగతి. ఊరి బట్టలు ఉతికే ముత్తయ్యకు అది తాతల నాటి ఆస్తి. వాగు ఒడ్డున వేసుకుని, వాళ్ళ తాత, తండ్రి, ఆయన, అందరూ దాని మీదే ఉతికారు. ఉతికీ ఉతికీ నడుమ పళ్ళెంలా గుంట పడింది. ఒక ఏడు వాగు పొంగి బండ తిరగబడింది. కిందివైపు పాదాలు బయటపడ్డాయి. చూసి భయపడి, చెంపలు వేసుకుని ఊళ్ళోకి పరిగెత్తుకొచ్చి చెప్పింది ముత్తయ్యే. చెప్పకుండా మళ్ళీ తిరగేసి ఉతుక్కుని ఉంటే పీడా పోయేది. ఊరంతా డప్పులతో వెళ్ళి, రాములవారి పాదాలని చెప్పి బండను ఎత్తుకొచ్చి, కచ్చేరి ముందు గద్దె కట్టి పెట్టారు. ఆ మర్నాటి నుంచీ ముత్తయ్య దాన్ని ముట్టుకోకూడదు. దూరం నుంచి మొక్కుకోవచ్చు. ఆయన వాగులో గరుకు రాయి ఒకటి వెతుక్కుని దాని మీద ఉతికేవాడు. బట్టలు చిరుగుతున్నాయని ఊళ్ళో ఆడవాళ్ళు ఆయన్నే తిట్టేవాళ్ళు. నేను కూడా ఆయన్ని "ఓ ముత్తయ్యా" అని పేరు పెట్టే పిలిచేదాన్ని. ఆయనకు మా నాయనమ్మ వయసు. నేను వేలెడంత పిల్లను. ఆయనేమో నన్ను "బిడ్డా" అనేవాడు. దీన్ని మేం పద్ధతి అనేవాళ్ళం. ఇప్పుడు తలుచుకుంటే రోత పుడుతుంది.

ఆ రోజుల్లో ఊళ్ళు ఉడుకుతున్నాయి. దొర గడీ వదిలి పట్నం పారిపోయాడు. మొదట ఒక ఖాకీ దండు వచ్చి ఇళ్ళు తగలబెట్టింది. దాన్ని తరిమేసి మిలిట్రీ వచ్చింది. హమ్మయ్య అనుకునేలోపే, దున్నేవాడికి భూమి కావాలన్నవాళ్ళను ఆ మిలిట్రీ వేటాడటం మొదలుపెట్టింది. అడివిలో వాళ్ళ దళాలు, ఊళ్ళో వాళ్ళ కమిటీ, రోడ్డు మీద మిలిట్రీ క్యాంపు. అందరూ మన కోసమే అనేవాళ్ళు. అందరూ మా అంబలే తాగేవాళ్ళు. దళం కుర్రవాళ్ళు ముగ్గురు, గాయాలతో మా మంద దగ్గరికి వచ్చి చేరారు. పాటిదిబ్బ వెనక గుట్టలో గొర్ల నడుమ గొంగళ్ళు కప్పుకుని కాపర్లలాగే ఉండేవాళ్ళు. అందులో ఒకడు గరిడేపల్లి వైపు వాడు, మీసాలు కూడా సరిగా రాలేదు. నేను బుట్ట దించగానే "అక్కా, ఇయ్యాల ఉప్పేసిన్రా?" అని నవ్వేవాడు. నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్దవాడు నన్ను అక్కా అంటే నాకు సిగ్గూ గర్వమూ.

నాయన నాకు ఒక్కటే నేర్పాడు. "ఎవలడిగినా ఇద్దరే అను. నేను, మీ చిన్నాయిన. పానం పోయినా మూడో మాట రావద్దు." నేను ఆ మాటను పాఠంలా వల్లించాను. నాయనమ్మ మాత్రం ఇంకొకటి కూడా చెప్పింది, బుర్రలు లోపల పొయ్యి మీద అటక కింద ఆరబెట్టమని. నాలుగు రోజులు అలాగే చేశాను. పొయ్యి పొగకు బుర్రలు ఆరలేదు, కంపు కొట్టాయి. ఐదో రోజు పొద్దున నాయనమ్మ పాల కోసం పోయినప్పుడు, మంచి ఎండ కాస్తోంది కదా అని, ఐదూ తెచ్చి ప్రహరీ మీద వరుసగా బోర్లించాను. తర్వాత దొడ్లోకి పేడ ఎత్తడానికి పోయాను. వచ్చి చూస్తే గోడ మీద రెండే ఉన్నాయి. మిగతా మూడు వాకిట్లో గంప కింద మూసిపెట్టి ఉన్నాయి. నాయనమ్మ వచ్చి పెట్టి మళ్ళీ పోయిందనుకున్నాను. ముసలిదానికి చాదస్తం, గంప కింద పెడితే ఎట్లా ఆరతాయి, మళ్ళీ బూజు పడితే నన్నే కొడుతుంది అని గొణుక్కుంటూ మూడూ తీసి మళ్ళీ గోడ మీద పెట్టాను.

జాములోపే మిలిట్రీ వచ్చింది. వాళ్ళ వెంట దారి చూపడానికి మేకల బేరగాడు ఒకడున్నాడు. గొర్లు కాసే ఇళ్ళన్నీ వాడికి కొట్టినపిండి. మా గోడ దగ్గర ఆగి, తల మీద చెయ్యి వేసి ముద్దుగా అడిగాడు.

"మీ మంద కాడ ఎందరున్నరు బిడ్డా?"

"ఇద్దరే. మా నాయిన, మా చిన్నాయిన" అన్నాను, గుక్క తిప్పుకోకుండా.

"మంచిది" అన్నాడు. వాడి కళ్ళు గోడ మీద ఈ చివర నుంచి ఆ చివరకు పోయాయి. నవ్వాడు. వెనక్కి తిరిగి జవాన్లతో ఉర్దూలో ఏదో అన్నాడు. నేను బాగా చెప్పానని మనసులో మురిసిపోయాను. ఆ మురిపెం గుర్తొస్తే ఇప్పటికీ నాలుక మీద చేదు ఊరుతుంది. కాసేపటికి గుట్ట వైపు నుంచి తుపాకుల చప్పుడు. నాయన, చిన్నాయన మందను నీళ్ళకు తోలుకుని వాగుకు దిగారు కాబట్టి బతికారు. కుర్రవాళ్ళు ముగ్గురూ నడవలేక అక్కడే ఉన్నారు. నాయనమ్మ పరుగెత్తుకొచ్చి, గోడ మీద ఐదు బుర్రలు చూసి, నా మొహం చూసి, వాటిని ఒక్కొక్కటే లోపలికి తీసుకుపోయింది.

రెండో రోజు మధ్యాహ్నం కచ్చేరి ముందు పంచాయితీ. ఎవరు చెప్పారు? అదే ప్రశ్న. ఊరి చూపు మొదట మా నాయన మీదికే పోయింది, కుర్రవాళ్ళు పోయి ఈయన ఎట్లా మిగిలాడని. నాయన ఆ చూపు పసిగట్టాడు. అందరికంటే ముందు లేచాడు.

"క్యాంపు బట్టలు ఉతికేది ఎవడు? పొద్దున లేస్తే ఇంటింటికి తిరిగేది ఎవడు? ఇంక సెప్పాల్నా?"

క్యాంపు బట్టలు ఉతకమని ముత్తయ్యను తుపాకి మడమతో పొడిచి తీసుకుపోయింది ఊరంతా చూసింది. అయినా ఒక్కడు నోరు తెరవలేదు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అన్నారా! ముత్తయ్యను తెచ్చి, ఏ బండను ముట్టుకోవద్దన్నారో ఆ బండ మీదే నిలబెట్టారు. ఆ పాదాలలో పాదాలు పెట్టి అబద్ధమాడితే కళ్ళు పోతాయని ఊరి నమ్మకం. ఆయన ఎక్కాడు. కాళ్ళ కిందికి ఒకసారి చూసుకున్నాడు.

"ఇది నా బండ. దీని మీద నిలబడి నేను అబద్దం ఆడ. నేను ఎవలకూ ఏం సెప్పలే" అన్నాడు.

"నువ్వు కాకుంటే ఇంకెవలు? ఊరంత తిరుగుతవ్. నీ కండ్ల పడకుండ ఏదుంటది? ఎరుకుంటే సెప్పు, ఇడిసిపెడ్తం" అన్నాడు కమిటీ పెద్ద.

ముత్తయ్య చూపు జనం మీద తిరుగుతూ తిరుగుతూ వచ్చి నా మీద ఆగింది. నేను నాయనమ్మ కొంగు పట్టుకుని నిలబడి ఉన్నాను. నా గొంతులో మాట ఉంది. బుర్రలు నేనే పెట్టాను, అంతే మాట. నాయనమ్మ నా చెయ్యి ఎముక నొప్పి పుట్టేలా పిసికి, వంగి చెవిలో అంది, "నోరు తెరిస్తే మీ నాయిన మెడకు తాడు పడ్తది." నేను నోరు మూసుకున్నాను. ముత్తయ్య నన్ను బతిమాలుతున్నాడేమో అనుకుని తల దించుకున్నాను.

"నాకెరుకలే" అన్నాడు ముత్తయ్య.

తర్వాత జరిగింది చెప్పడానికి కూడా అసహ్యంగా ఉంది. ముగ్గురు పోయారు కాబట్టి ఎవరో ఒకరు అనుభవించాలి, అంతే న్యాయం. చంపొద్దని కమిటీ పెద్ద దయ చూపించాడు. ఏ చేత్తో క్యాంపు బట్టలు ఉతికాడో ఆ చెయ్యి చాలన్నాడు. ఆ బండ మీదే చెయ్యి చాపించి రోకలి ఎత్తింది మా చిన్నాయన. బండ పెచ్చు లేచింది అప్పుడే. సాయంత్రానికి గాడిద మీద మూటలు వేసుకుని ముత్తయ్య ఇల్లు ఖాళీ చేసి మిర్యాలగూడ దిక్కు పోయాడు. వాళ్ళు ఊరు దాటకముందే పసుపు నీళ్ళతో బండను కడిగారు, ఆయన కాళ్ళు తగిలి మైలపడిందని. మా ఇంట్లో నాయన ఆ పూట అంబలి ఇంకాస్త పోయమని అడిగి మరీ తాగాడు. నేను వాసనకే కక్కుకున్నాను. ఈ రోజు వరకూ అంబలి నా గొంతు దిగలేదు. పది రోజులకు ఇంటింటా మాసిన బట్టలు గుట్టలయ్యాయి. "ఎల్లగొట్టుడైతె ఎల్లగొడ్తిమి, ఇగ బట్టలెవలు ఉతుకుతరు?" అని ఊరంతా విసుక్కుంది. ఆ మనిషి కోసం ఊరు పడిన బాధ అదొక్కటే.

నేను చదువుకున్నాను, పంతులమ్మనయ్యాను. కోదాడలో ముప్పై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పాను. అక్కడే బుద్ధుడి మాటలు చేతికొచ్చాయి. తలంపే కర్మ అని చదివినప్పుడు, నిజం చెప్పొద్దూ, నాకు పండగైంది. బుర్రలు గోడ మీద పెట్టినప్పుడు నాకు చెడు తలంపు లేదు కదా! ఆ ఒక్క వాక్యం పట్టుకుని ఎన్నో ఏళ్ళు హాయిగా నిద్రపోయాను. ధర్మాన్ని దిండులా వాడుకోవడం నాకంటే బాగా ఎవరికీ తెలియదు. బుర్రలు పెట్టినప్పుడు తలంపు లేదు, సరే. మరి నోరు మూసుకున్నప్పుడు? అప్పుడు నాకు పూర్తిగా తెలుసు. పున్నమి పున్నమికి బౌద్ధ విహారంలో కూర్చుని, అబద్ధమాడను అనే నాలుగో శీలాన్ని అందరికంటే గట్టిగా పలికేదాన్ని. నిజమే, నేను అబద్ధమాడలేదు. ఉత్తగా నిలబడ్డాను. కోదాడ నుంచి మిర్యాలగూడకు రోజూ బస్సులున్నాయి. ఎన్నడూ ఎక్కలేదు. పరీక్షలనీ, మోకాళ్ళనీ, ఎండలనీ సాకులు. ఊళ్ళను, దళాలను, మిలిట్రీని, మా నాయనను ఎన్ని రకాలుగా అసహ్యించుకున్నానో! ఆ జాబితాలో నన్ను చేర్చుకోవడానికి ఒక బండను ఆ హాల్లో చూడాల్సొచ్చింది.

సభ జరిగిన వారానికి మిర్యాలగూడ వెళ్ళాను. రైసుమిల్లుల దారిలో ఇస్త్రీ బండ్ల వాళ్ళను అడుగుతూ పోతే, ముత్తయ్య మనవరాలు సైదమ్మ దొరికింది. అరవై దాటిన మనిషి. బొగ్గుల ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, నాకు స్టూలు వేసింది. నేను మాటలు ముందే కూర్చుకుని వెళ్ళాను. మా ఊరి పేరు చెప్పాను, గొర్ల ఇల్లు అన్నాను, బుర్రలు అన్నాను. అంతే, ఆమె చెయ్యెత్తి ఆపింది.

"గోడ మీద బుర్రలు పెట్టిన పిల్లవు నువ్వేనా అమ్మా?"

అవునని తల ఊపాను.

"మా తాత సెప్పెటోడు. ఆ పొద్దు బట్టలకని మీ వాకిట్లకొచ్చిండట. ఐదు బుర్రలు సూసి గుండె ఝల్లుమన్నదట. పిలిస్తే ఎవలూ పలుకలే. మూడు తీసి గంప కింద మూసిపెట్టి పోయిండట. మల్ల తిరిగొచ్చేటప్పుడు సూస్తే గోడ మీదనే ఉన్నయంట. దగ్గరికి పోదమంటే అప్పటికే మిలిట్రోళ్ళు నిలబడ్డరంట."

"మరి ఆ రోజు బండ మీద..." అన్నాను. "ఎరుకుంటే చెప్పమన్నారు కదా. చెప్తే ఇడిసిపెడ్తమన్నారు కదా."

"మేం గుడ అడిగినం. నీ చెయ్యి పాయె, ఎందుకు సెప్పకపోతివి తాతా అని. ఎట్ల సెప్త బిడ్డా అనెటోడు. పసిపిల్ల, ఎండకు ఆరతయని పెట్టింది పాపం. నా చెయ్యి ఇరిసినోళ్ళు దాన్ని బతకనిస్తరా అనెటోడు." సైదమ్మ ఇస్త్రీపెట్టెలో బొగ్గులు కదిపింది. "ఎడమ చేత్తోనే ఉతికిండమ్మా, సచ్చేదాక. చాయ్ తాగుతవా?"

తాగాను. ఏం చేయను, ఆమె ఇచ్చింది. క్షమించమని అడుగుదామని కూర్చుకున్న మాటలన్నీ ఆ చాయ్‌తో పాటు మింగేశాను. అంత పెద్ద మనిషి ముందు అవి అలుగ్గుడ్డకు కూడా పనికిరావు. ఆ పాదాల మీద నిలబడి ముత్తయ్య ఒకే ఒక్క అబద్ధమాడాడు. నాకెరుకలే అన్నాడు. అది నా కోసం. నేను తల దించుకుని, నిజాన్ని నోట్లో పెట్టుకుని, శీలవతిలా నిలబడ్డాను.

మొన్న పున్నమికి విహారానికి వెళ్ళాను. మొదటి మూడు శీలాలూ అందరితో పాటు పలికాను. నాలుగో దాని దగ్గర నోరు కదపలేదు. పక్కన కూర్చున్న అమ్మాయి మరిచిపోయాననుకుని, నా వైపు వంగి, ఒక్కో మాటా మెల్లగా అందించింది.